బడి బయటి బాధ
ప్యాడ్లు కొనే స్తోమత, శుభ్రతకు నీళ్లు, మార్చుకోవడానికి చాటు లేక స్త్రీలు పడే అవస్థనే రుతుస్రావ పేదరికం అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 5న మొదలైన ‘స్వేచ్ఛ’ పథకం ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే బాలికలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా అందించాలని సంకల్పించింది. ఎంతో మేలైన సంకల్పమది. అయితే వింజమూరు వంటి మెట్ట మండలాల్లో చదువు మానేసిన ఆడపిల్లలు, మరుగు దొరకని చేలల్లో రోజంతా వంగి పనిచేసే కూలి తల్లులు ఆ లెక్కలోకి రారు. ప్యాడ్లు అందక వారు వాడిన గుడ్డను సిగ్గుతో చీకటి మూలల్లో ఆరవేస్తే, ఎండ తగలని ఆ తడిలో సూక్ష్మజీవులు పెరిగి ఇన్ఫెక్షన్లకు దారితీస్తాయన్న సంగతి ఇంట్లోని మగవారికీ తెలియాలి. ఒక్కోటి రూపాయికే అమ్మే జనౌషధి ‘సువిధ’ ప్యాడ్లను ఆశా కార్యకర్తల ద్వారా ఊరూరికీ చేర్చి, ఉపాధి హామీ పనుల దగ్గర మరుగు, నీళ్లు ప్రభుత్వం వెంటనే ఏర్పాటు చేయాలి.