మడిస్తే గోడ పక్కన.. విప్పితే?

మా ఇంట్లో రెండేళ్లు ఓ ట్రెడ్‌మిల్ ఉండేది. దాని మీద నేను నడిచింది మహా అయితే నలభై రోజులు. మిగతా అన్ని రోజులూ అమ్మ దాని మీద దుప్పట్లు ఆరేసింది. ‘పోన్లేరా, వానాకాలంలో బాగా పనికొచ్చింది’ అని ఇప్పటికీ నవ్వుతుంది.

అసలెందుకు కొన్నానంటే.. ఆఫీసులో హెల్త్ చెకప్ పెడితే నాకు బీపీ 142/94 వచ్చింది. అప్పటికి నా వయసు 29. ‘ఇప్పుడే మాత్రలు వద్దులే. ఉప్పు తగ్గించు, రోజూ అరగంట నడువు. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం’ అన్నారు డాక్టర్. మాది నిజాంపేటలో చిన్న అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. కిందికి దిగితే నడవడానికి ఫుట్‌పాత్ ఉండదు, చీకటి పడితే కుక్కలు. ఇంకేముంది, ఆ రాత్రే ఫోన్‌లో 24 వేలకి ఆర్డర్ కొట్టేశా, ఏడాది ఈఎంఐ మీద. యాడ్‌లో ఫొటో భలే ఉంది. మడిచి గోడ పక్కన నిలబెట్టిన మిషన్, దాని పక్కన ఓ పూలకుండీ.

ఆ ఫొటో చూసి కొనడమే నేను చేసిన తప్పు. మిషన్ మడిచి ఉన్నప్పుడు మనం ఎక్సర్‌సైజ్ చేయం కదా! విప్పితే అది ఐదడుగుల పొడవు. జారితే వెనక్కి పడతాం కాబట్టి వెనకాల ఇంకో ఆరడుగులు ఖాళీ వదలాలని దాంతో వచ్చిన పుస్తకంలోనే రాసుంది. మొత్తం పదకొండు. మా హాలు పొడవే పన్నెండు. రోజూ టీపాయ్ జరిపి, సోఫా తోసి, ముప్పై కేజీల మిషన్ దించి, అయ్యాక మళ్లీ అన్నీ సర్దాలి. నడక అరగంట, సర్దుడు పావుగంట. పదో రోజుకే బద్ధకం మొదలైంది.

దానికి తోడు చప్పుడు. ఆఫీసు నుంచి వచ్చి, రాత్రి పదింటికి ఎక్కేవాణ్ని. ఓ రోజు కిందింటి ఆంటీ మెట్ల దగ్గర ఆపి, ‘ఏం బాబూ, రోజూ ఆ టైముకి పిండి రుబ్బుతున్నారు, ఇడ్లీ సెంటర్ పెట్టారా?’ అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ వాళ్లింట్లో నెలల పాప ఉందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఆ తర్వాత మిషన్ విప్పడానికి మనసొప్పలేదు. మూడు నెలల చెకప్‌కీ సిగ్గేసి వెళ్లలేదు.

చివరికి 9 వేలకి అమ్మేశా. తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడు ‘నాక్కూడా డాక్టర్ నడవమన్నారన్నా’ అన్నాడు. మీ హాలెంత, కింద ఎవరుంటారు అని అడగాలనిపించింది. అమ్ముడుపోదేమోనని అడగలేదు. ఆ రోజు అతన్ని అడగని ప్రశ్నలే ఇవాళ మిమ్మల్ని అడుగుతున్నా.

ఒకటి, విప్పితే ఎంత? మడిచిన కొలత వదిలేసి, విప్పిన కొలత చూడండి. చాక్‌పీస్‌తో నేల మీద అంత మేర గీత గీయండి. ట్రెడ్‌మిల్ అయితే వెనకాల ఖాళీ కూడా కలపండి. ఆ గీత లోపల ఏమీ పెట్టకుండా ఓ వారం బతికి చూడండి. కుర్చీయో, బట్టల బుట్టో అందులోకి వచ్చేస్తోందంటే, మీ ఇంట్లో ఆ మిషన్‌కి చోటు లేనట్టే. పైకి కూడా చూడండి. మిషన్ ఎక్కితే మీ తల కొన్ని అంగుళాలు లేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం వద్దు.

రెండు, కింద ఎవరున్నారు? పరుగు, స్కిప్పింగ్, జంపింగ్ జాక్స్.. అడుగు దబ్బున పడే ప్రతిదీ కిందింటికి వినిపిస్తుంది. రబ్బరు మ్యాట్ వేస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి సైకిల్ నయం. అందులోనూ మ్యాగ్నెటిక్ రకం. అయస్కాంతం చక్రాన్ని తాకకుండానే బిగువు ఇస్తుంది కాబట్టి పెద్దగా చప్పుడుండదు. ఫ్యాన్ చక్రం ఉండే ఎయిర్ బైక్ అలా కాదు, హోరెత్తిస్తుంది. మీది గ్రౌండ్ ఫ్లోర్ అయితే, మోకాళ్లు బాగుంటే, మంచి స్కిప్పింగ్ తాడు చాలు. తాడు మధ్యలో నిలబడి లాగితే పిడులు చంకల దాకా రావాలి. అదే మీ కొలత.

మూడు, మోకాళ్లు ఎవరివి? మీవేనా, ఇంట్లో అమ్మానాన్నలవి కూడానా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సాధారణంగా పరుగు కన్నా పెడల్ తేలిక. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు ఎత్తు పెట్టుకోవాలి. మినీ స్టెప్పర్ మంచం కింద పట్టేస్తుంది, నిజమే. కానీ మోకాలి మీద బరువు పడుతుంది, ఎక్కువసేపు తొక్కితే దాని సిలిండర్లు వేడెక్కుతాయి. ఏది కొన్నా ఎంత బరువు మనిషిని మోస్తుందో చూసి, మీ బరువు కన్నా పదిహేను ఇరవై కేజీలు ఎక్కువ మోసేది తీసుకోండి.

నాలుగు, ట్రెడ్‌మిలే కావాలా? అయితే మోటార్ దగ్గర ‘పీక్’ హెచ్‌పీ కాదు, ‘కంటిన్యువస్’ హెచ్‌పీ అడగండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకండి. చున్నీ, చీర కొంగు బిగించుకోండి. పిల్లలున్న ఇంట్లో అయితే దిగగానే సేఫ్టీ కీ తీసి దాచేయండి.

ఇంతకీ ఎంత చేయాలి? పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఓ మోస్తరు అంటే.. చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. దీనికి స్క్రీన్లు, బ్లూటూత్ అక్కర్లేదు. గుండె సమస్య ఉన్నా, బీపీ మందులు వాడుతున్నా మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని ఓ మాట అడగండి.

ఇప్పుడు మా ఇంట్లో 5 వేలకి కొన్న సెకండ్‌హ్యాండ్ ఎక్స్ బైక్ ఉంది. ఓ కుర్చీ తీసేసి, ఆ చోట్లో టీవీ ఎదురుగా పెట్టాం. అది కూడా మడిచేదే. కానీ ఇంతవరకూ ఒక్కసారీ మడవలేదు. అందుకే రోజూ తొక్కుతున్నాం. పొద్దున నేను, సాయంత్రం అమ్మ. సీరియల్ వస్తున్నంతసేపు మెల్లగా, యాడ్స్ రాగానే స్పీడుగా! ధైర్యం చేసి చెకప్‌కి వెళ్తే బీపీ 128/84 వచ్చింది. అంతా సైకిల్ పుణ్యమే అనను, పచ్చళ్లు కూడా తగ్గించా.

మొన్న కిందింటి ఆంటీ మళ్లీ మెట్ల దగ్గర కనిపించి అడిగారు.. ‘ఏం బాబూ, ఇడ్లీ సెంటర్ మూసేశారా?’