ఓడ ప్రయాణానికి సంచి సర్దటం

పిల్లలూ! చెన్నై రేవులో ఓడ ఎక్కితే అండమాను దీవులు చేరటానికి సుమారు మూడు రోజులు పడుతుంది. రైలులో అయితే మరిచిపోయిన వస్తువును తరవాతి స్టేషనులో కొనుక్కోవచ్చు. నడిసముద్రంలో స్టేషన్లు లేవు గదా! అందుచేత వారం ముందే జాబితా రాసుకోవాలి.

బట్టలు పెద్దపెట్టెలో పెట్టండి. టిక్కెట్లూ, గుర్తింపు కార్డులూ, మందులూ, మంచినీళ్ళ సీసా, తువాలూ, ఒక జత బట్టలూ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒకసారి మా మనవరాలి మాత్రలు పెట్టె అడుగున సర్దాను. ఓడ ఊగసాగింది. నేను పెట్టె అంతా తిరగవేసి మాత్ర తీసేసరికి పిల్ల వాంతులతో సోలిపోయింది. వేసిన మాత్ర కూడా కడుపులో నిలవలేదు!

ఓడలో కడుపు ఎందుకు తిప్పుతుంది? శరీరం కదలికను లోపలి చెవి కనిపెడుతుంది. గదిలో కూచుంటే, "కదులుతున్నాం" అంటుంది చెవి. "లేదు" అంటుంది కన్ను. ఈ తగవులో బాధ కడుపుది! కనక డాక్టరు చెప్పిన మాత్రను ముందే వేసుకోవాలి. డెక్కు మీదికి వచ్చి, ఆకాశమూ సముద్రమూ కలిసేచోటు చూస్తూ ఉండాలి. ఓడ మధ్యభాగంలో ఊపు తక్కువ.

మరొక్క మాట. ఓడ ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఎక్కడున్నవో, ఎలా తొడుక్కోవాలో అడిగి తెలుసుకోండి. సముద్రాన్ని చూడటం ఆ తరవాత!