మందు తగ్గించారు - కిడ్నీ దక్కుతుందా?

ప్రశ్న: మా వారి వయసు 46. అయిదు నెలల క్రితం నా కిడ్నీ ఆయనకు అమర్చారు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఆకలి బాగుంది. పోయిన నెల రక్తపరీక్షలో 'బి.కె. వైరస్' ఉందని చెప్పి మాత్రలు తగ్గించారు. మాత్ర ఒక్కటి మానినా శరీరం కిడ్నీని తిరస్కరిస్తుందని మొదట్లో భయపెట్టింది వాళ్ళే గదా! రక్తంలో టాక్రోలిమస్ మందు సరిగ్గా ఉన్నట్టే రిపోర్టు వచ్చింది. మరి వైరస్ ఎలా వచ్చింది? నా కిడ్నీ నుంచే వచ్చిందా? ఒంట్లో బాగానే ఉంటే నెలనెలా విజయవాడ వెళ్ళి అంత డబ్బు పొయ్యడం దేనికని ఆయన అంటున్నారు. మా ఆడపడుచు తిప్పతీగ కషాయం తాగించమంటోంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా మీ నిద్ర చెడగొడుతున్న ప్రశ్న. వైరస్ మీ కిడ్నీతోబాటే వెళ్ళి ఉండవచ్చు. చాలామందిలో జరిగేది అదే. కాని అది మీ తప్పూ కాదు, మీకున్న జబ్బూ కాదు. పెద్దవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా చిన్నతనంలోనే ఈ వైరస్ సోకి ఉంటుంది. చిన్న జలుబులా వచ్చి పోతుంది, ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కిడ్నీల్లో ముడుచుకుని పడుకుంటుంది. నాలో ఉండవచ్చు, మీ ఆడపడుచులోనూ ఉండవచ్చు. మన తెల్లకణాల్లో 'టి' కణాలనే కాపలావాళ్ళు దాన్ని లేవనివ్వరు.

పరాయి కిడ్నీ మీద దాడి చేసేదీ ఆ 'టి' కణాలే. అందుకే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ మాత్రలతో వాటిని జోకొడతారు. కాపలావాడు నిద్రపోతే కిడ్నీ క్షేమం, కాని దొంగ లేస్తాడు. కిడ్నీ మార్పిడి జరిగిన వారిలో వందకు పది, ఇరవై మందికి ఈ వైరస్ రక్తంలో కనబడుతుంది.

"మందు సరిగ్గానే ఉంది గదా" అన్నారు. ఆ పరీక్ష రక్తంలో మందు ఎంత ఉందో చెబుతుంది. నిరోధక శక్తి ఎంత మిగిలిందో చెప్పదు. పొయ్యిలో ఎన్ని కట్టెలు పెట్టామో లెక్క తెలిసినంత మాత్రాన అన్నం ఉడికిందని తెలుస్తుందా? మెతుకు పట్టి చూడాలి. ఒకే మోతాదు ఒకరికి చాలదు, మరొకరికి ఎక్కువవుతుంది.

ఆ మెతుకు పట్టి చూసే పరీక్ష కోసమే శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. సైటోమెగలో వైరస్ అని మరొకటుంది. మన దేశంలో దాదాపు పెద్దవాళ్ళందరిలోనూ ఉంటుంది. దాని భయంతోనే మీవారికి మొదటి నెలల్లో వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలిచ్చి ఉంటారు. రోగి రక్తాన్ని ఆ వైరస్ ముక్కలతో కలిపి ఒక రోజు ఉంచి, 'టి' కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేశాయా లేదా అని చూసే పరీక్ష ఉంది. చేస్తే కాపలావాడికి ఆ దొంగ ముఖం గుర్తుందన్నమాట. ఆ మాత్రలు ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి అది సాయపడుతుంది. అయితే అన్ని ఊళ్ళలోనూ దొరకదు.

ఇంకొకటి వింతైనది. టి.టి. వైరస్ అని, 1997లో జపానులో కనుగొన్నారు. దాదాపు అందరి రక్తంలోనూ ఉంటుంది, ఏ జబ్బూ చేసినట్టు ఇంతవరకు తెలియదు. నిరోధక శక్తి బాగా అణిగితే దాని సంఖ్య పెరుగుతుంది, శక్తి కోలుకుంటే తగ్గుతుంది. ఆ లెక్క చూసి మాత్రల మోతాదు సర్దవచ్చునా అని యూరప్‌లో ప్రయోగాలు చేపట్టారు. అన్నట్టు, బి.కె. వైరస్‌ను కనుగొన్నది 1971లో లండన్‌లో, కిడ్నీ మార్పిడి జరిగిన ఒక రోగి మూత్రంలో. బి.కె. అన్నా, టి.టి. అన్నా ఆ రోగుల పేర్ల పొడి అక్షరాలే!

ఇక మీవారి మాట. ఒంట్లో బాగానే ఉందన్నది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. ఈ వైరస్ జ్వరం తేదు, నొప్పి పెట్టదు. లోపల్లోపల కిడ్నీని కొరుకుతుంది. క్రియాటినిన్ పెరిగేనాటికే కొంత నష్టం జరిగి ఉంటుంది. శరీరం కిడ్నీని తిరస్కరించినా క్రియాటినిన్ అలాగే పెరుగుతుంది. దానికి మందు పెంచాలి, దీనికి తగ్గించాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి! తేడా తేల్చడానికి ఒక్కోసారి కిడ్నీ ముక్క తీసి చూడవలసి వస్తుంది. అంతదాకా రాకుండా ఉండాలనే మొదటి తొమ్మిది నెలలు నెలకొకసారి, తర్వాత రెండేళ్ళు నిండేదాకా మూడు నెలలకొకసారి రక్తంలో ఈ వైరస్ లెక్క చూస్తారు. మీవారికి దొరికింది అలాగే. పరీక్షకు వెళ్ళకపోయి ఉంటే ఈపాటికి ఎవరికీ తెలిసేది కాదు.

ఈ వైరస్‌ను చంపుతుందని రుజువైన మందు ఇంతవరకు లేదు. కాపలావాణ్ణి కాస్త లేపడమే చికిత్స. మిల్లీలీటరు రక్తంలో లెక్క 10,000 దాటినా, 1,000 పైన మూడు వారాలు నిలిచినా సాధారణంగా మాత్రలు తగ్గిస్తారు. కనుక మీ డాక్టర్లు మాట మార్చలేదు. అయితే ఎంత తగ్గించాలో, ఏది తగ్గించాలో వాళ్ళే చెప్పాలి. "తగ్గిస్తే మంచిదట" అని మీవారు సొంతంగా ఇంకో మాత్ర మానేస్తే తిరస్కరణ ముంచుకొస్తుంది. తగ్గించాక రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వైరస్ లెక్క, క్రియాటినిన్ రెండూ చూడాలి. ఇప్పుడు తప్పకూడని రోజులివే. చాలామందిలో లెక్క మెల్లగా దిగుతుంది, నెలలు పట్టవచ్చు.

ఖర్చు మాటా కొట్టిపారేయలేను. డబ్బు ఇబ్బంది దాచకుండా డాక్టరుకు చెప్పండి, అత్యవసరమైన పరీక్షలేవో ఆయన ఏరి చెబుతారు. చవక అని లాబరేటరీలు మాత్రం మార్చకండి. ఒక్కో చోట లెక్క ఒక్కో విధంగా వస్తుంది, పెరిగిందో తగ్గిందో తెలియదు. టాక్రోలిమస్ పరీక్షనాడు ఉదయం మాత్ర వెంట తీసుకెళ్ళి, రక్తం ఇచ్చాకే వేసుకోమనండి.

తిప్పతీగ కషాయం వద్దు. రెచ్చగొట్టిన శక్తి వైరస్ మీదికే పోతుందనీ, మీ కిడ్నీ మీదికి పోదనీ ఎవరు హామీ ఇస్తారు? పైగా తిప్పతీగ వాడిన కొందరిలో లివరు దెబ్బతిన్నట్టు 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. పంపరపనస కూడా పెట్టకండి, అది రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచుతుంది. మీ ఆడపడుచు ప్రేమకొద్దీ చెప్పిందే, నొచ్చుకోకుండా చెప్పండి.

మిగిలింది మీ సంగతి. ఉన్న ఒక్క కిడ్నీకి మీరు కూడా ఏడాదికొకసారి రక్తపోటు, క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోవాలి. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఈసారి విజయవాడ వెళ్ళినప్పుడు ఆయనతోబాటు మీరూ చూపించుకోండి.