కారు కింద పేపరు

చదవడం అయిపోయిన ఆదివారం పేపరు మా ఇంట్లో కారు కిందికి వెళ్ళేది. నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 రాత్రంతా దాని మీద బొట్లు పెట్టేది. "మార్కాపురం వాళ్ళు, పలక పెట్టుకోవచ్చుగా" అని చుట్టాల ఎగతాళి. నల్ల పలక మీద నూనె మరక ఏం కనిపిస్తుంది చెప్పండి!

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపు మారని బండి వింటేజ్. పెద్ద వయసు, రెండు చుక్కలు కారితే మాత్రం ఏమిటని ఊరుకున్నాం.

నంద్యాల పెళ్ళికి బయల్దేరి గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లో తెలిసొచ్చింది. ఎత్తు ఎక్కుతుంటే గేర్‌బాక్సులోంచి మూలుగు. దిగి చూస్తే చుక్కలు కాదు, ధార! చుట్టూ అడవి. వెనక సీట్లో అమ్మ, ఒళ్ళో పెళ్ళి చీరలు. ఆవిణ్ణి బస్సెక్కించి, ఓ లారీ డ్రైవరిచ్చిన గేరాయిల్ పోసుకుని మెల్లగా గిద్దలూరు తిరిగొచ్చాను.

మొదటి మెకానిక్కు చూడకుండానే "ఇంజన్ దించాలి" అన్నాడు. రెండో షెడ్డు పెద్దాయన చుక్కని వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టాడు. "ఇంజనాయిలైతే నల్లగా ఉంటది నాయనా. ఇది గేరాయిలు, గంధకం వాసన చూడు."

ప్రొపెల్లర్ షాఫ్ట్ గేర్‌బాక్సులోకి వెళ్ళేచోట రబ్బరు సీలు ఉంటుంది. అది ఏళ్ళ తరబడి వేడికి బిరుసెక్కింది. చదును రోడ్డు మీద ఆయిల్ దాని జోలికి అంతగా పోదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం అంతా వెనక్కి చేరి సీలు మీద పడుతుంది. పైగా వేడికి పల్చబడుతుంది. మార్కాపురంలో చుక్క, ఘాట్‌లో ధార కావడం అందుకే.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, సీలు ఎక్కడ దొరుకుతుందని నా బెంగ. పెద్దాయన నవ్వి పాతదాని లోపలి కొలత, బయటి కొలత, మందం రాసిచ్చాడు. సీళ్ళను బండి పేరుతో కాదు, కొలతతో అడగాలిట! అది బిగించే ముందు షాఫ్ట్ మీద గోరు పెట్టి రాశాడు. అక్కడ గాడి పడి ఉంటే కొత్త సీలునీ తినేస్తుంది. మా అదృష్టం, నున్నగానే ఉంది. బండిని చదునులో పెట్టి, గుర్తు దాకానే ఆయిల్ పోశాడు. ఇంకాస్త పొయ్యమంటే ఒప్పుకోలేదు, ఎక్కువైనా కారుతుందట.

ముహూర్తానికి చీరలు అందాయి, నేనే అందలేదు.

మర్నాడు పొద్దున్నే పేపరు లాగి చూశాను. గేర్‌బాక్సు కింద పొడిగా ఉంది. కాస్త ముందు, ఇంజన్ కింద, ఒక్క చుక్క. వాసన చూశాను. గంధకం లేదు. నల్లగా ఉంది.