‘క్షుద్రదేవత’ అనే మాట పరిశోధనకు తగునా? – పోతరాజు ఆధారంగా ఒక అభ్యంతరం

గ్రామదేవతల గురించి రాసేటప్పుడు తెలుగు పరిశోధకులు తరచుగా వాడే మాట ‘క్షుద్రదేవత’. సిద్ధాంతగ్రంథాలలోను, వ్యాసాలలోను అది నిర్వచనం లేకుండానే పారిభాషికపదంగా చలామణి అవుతున్నది. అది పారిభాషికపదం కాదు, విచారణకు ముందే ఇచ్చిన తీర్పు. కనుక దానిని పరిశోధన భాషనుండి తొలగించాలన్నది ఈ వ్యాసం వాదం. ఇందుకు పోతరాజును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఆషాఢమాసంలో సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి జాతరలోను, మౌలాలి, మల్కాజిగిరి బస్తీల బోనాలలోను ఒంటికి పసుపు పూసుకొని, నడుముకు వేపమండలు కట్టుకొని, కొరడా ఝళిపిస్తూ ఫలహారపు బండి ముందు నడిచేవాడు పోతరాజు. కోస్తాలో అతడే పోతురాజు; అమ్మవారి గుడి ముందో, ఊరి పొలిమేరలోనో రాయిగా నిలుస్తాడు. పేరులోని ‘పోతు’ దున్నపోతు, మేకపోతు అన్నప్పుడు వినిపించే అచ్చమైన తెలుగు మాట. బోనాలెత్తే వారికి అతడు అమ్మవారికి తమ్ముడు. ఈ చుట్టరికమే అతని గురించి మనకు దొరికే మొదటి ఆధారం.

మన వ్యాసాలలో ఈ ఆధారానికి దక్కుతున్న స్థానం ఎంత? మార్కండేయ పురాణాంతర్గతమైన దేవీమాహాత్మ్యంలో ధూమ్రలోచనుడనే రాక్షసుడు దేవి హుంకారంతోనే భస్మమవుతాడు. అంత స్వల్పమైన పాత్రకు కూడా మనం పేరు, స్థానం, ప్రతీకార్థం వెదుకుతాము. ఏటా వీథులలోకి వచ్చి నిలిచే పోతరాజును మాత్రం ‘క్షుద్రదేవతా పరివారం’ అన్న ఒక్క సమాసంలో ముగిస్తాము. గ్రంథస్థుడైన రాక్షసుడికి దక్కిన మర్యాద మౌఖిక సంప్రదాయంలోని తమ్ముడికి దక్కలేదు.

క్షుద్రమంటే ఇక్కడ ‘చిన్న’ అని మాత్రమే అర్థమనీ, అందులో నింద లేదనీ కొందరు సమర్థించవచ్చు. అయితే ఏ కొలతతో చిన్న? కొలిచేవారి సంఖ్యతో కాదు. బోనాలకు వచ్చే జనాన్ని చూసినవారెవరూ ఆ మాట అనలేరు. బలి కారణమంటే ఆ కొలత అందరికీ వర్తించాలి. శ్రౌతకర్మలలో పశుబంధం ఉన్నది, కాళికాపురాణంలో బలివిధానం ఉన్నది. అయినా ఇంద్రుణ్ణి గాని కాళికను గాని ఏ పరిశోధకుడూ క్షుద్రదేవత అనడు. ఇక మిగిలే కొలత ఒక్కటే: కొలిచేవారి కులం. దానిని నేరుగా చెప్పలేక సంస్కృత సమాసంతో కప్పుతున్నాము.

ఇంతకంటె శ్రద్ధగా చూసినవారు పరాయివారు కావడం విచారకరం. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రచురించిన గ్రామదేవతల గ్రంథంలో, పోతురాజును కొన్నిచోట్ల సోదరుడుగా, కొన్నిచోట్ల భర్తగా, కొన్నిచోట్ల పరిచారకుడుగా భావిస్తారని నమోదు చేశాడు. ఆయనకు ఈ ఆరాధనపై గౌరవం లేదు. అయినా తేడాలను నమోదు చేశాడు. తరువాత ఆల్ఫ్ హిల్టెబైటెల్ ద్రౌపది ఆరాధనపై రాసిన సంపుటాలలో (1988, 1991) పోత్తురాజును మహిషాసురునితో ముడిపెట్టి చదివాడు. ఆ సంబంధం ఆలోచించదగినదే. కాని దానిని నిర్ధారణగా స్వీకరించి, ‘పోతరాజు అంటే లొంగిపోయిన మహిషుడు’ అని తేల్చివేయడం తొందరపాటు. తమ్ముణ్ణి రాక్షసుడుగా అనువదించే ముందు, తమ్ముడన్నవారి కథ వినాలి. జమిడిక మీద ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారు ఈ విషయంలో మనకు సాక్షులు మాత్రమే కారు, వ్యాఖ్యాతలు కూడా.

ఇది పదాల పట్టింపు కాదు. నేటి వాడుకలో ‘క్షుద్ర’ శబ్దం క్షుద్రపూజ, క్షుద్రశక్తి అనే మాటలలోనే బతికి ఉన్నది. చేతబడి, బాణామతి నెపంతో మనుషులపై దాడులు జరిగిన నేల మనది. ఒక సమూహపు ఇలవేల్పును విశ్వవిద్యాలయం ‘క్షుద్ర’మని ముద్రవేస్తే, వీథిలోని అనుమానానికి పాండిత్యపు సాక్ష్యం దొరికినట్లే. 2014లో బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత కూడా మన శాఖల పరిభాష మారకపోవడం సమర్థనీయం కాదు.

కనుక మూడు ప్రతిపాదనలు. ఒకటి, ‘గ్రామదేవత’ అన్న మాట ఉండగా ‘క్షుద్రదేవత’ను మన మాటగా వాడరాదు, పూర్వరచయితలు వాడినచోట వారి మాటగానే ఉదాహరించాలి. రెండు, ప్రతి దేవతకూ ఆరాధకులు చెప్పే చుట్టరికాన్ని, ఊరి పేరుతో సహా, పురాణ సమన్వయానికి ముందే నమోదు చేయాలి. మూడు, కథకుల వివరణను ‘సమాచారం’గా కాక వ్యాఖ్యానంగా స్వీకరించి, అంగీకరించకపోతే కారణం చూపాలి.

పోతరాజుకు పురాణంలో చోటు కల్పించమని నేను కోరడం లేదు. అతనికి తన చోటు ఉన్నది, అది అక్కల ముందు. ఆ చోటును ఉన్నదున్నట్లు రాయగల భాష మనకు ఇంకా అలవడవలసి ఉన్నది.