ఇంటింటా ఇంజనీరింగు: పాత ఎయిర్ రైఫిల్ కొనే ముందు

ప్రెషర్ కుక్కరు సేఫ్టీ వాల్వు గురించి ఈ శీర్షికలో వ్రాసిన తరువాత వచ్చిన ప్రశ్నలలో ఒకటి మమ్మల్ని కొంత ఆశ్చర్యపరచింది. మన టౌన్‌షిప్‌లోనే నివసించే ఒక సహోద్యోగి కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుతూ రైఫిల్ షూటింగ్ నేర్చుకొంటున్నది. వేరే ఊరిలో ఉన్న ఒక పూర్వ క్రీడాకారుడు తన పాత పిసిపి రైఫిల్‌ను అమ్మజూపాడు. కొనవచ్చునా అని వారి ప్రశ్న. కుక్కరుకూ తుపాకీకీ సంబంధమేమిటని కొందరు నవ్వవచ్చు. సంబంధం ఉన్నది. రెండూ పీడనపాత్రలే. కుక్కరులో ఆవిరి పీడనం వాతావరణ పీడనం కంటే సుమారు ఒక బార్ మాత్రమే ఎక్కువ. ఈ రైఫిల్ సిలిండరులో ఉండేది రెండువందల బార్లు.

పిసిపి అంటే ప్రీ-ఛార్జ్డ్ న్యుమాటిక్, అనగా ముందుగానే గాలి నింపి ఉంచిన తుపాకీ. జాతరలో బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్ మనలో చాలామందికి తెలిసినదే. గొట్టాన్ని వంచితే లోపల స్ప్రింగు అణగుతుంది. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌నూ, పిస్టన్ గాలినీ, గాలి గుండునూ తోస్తాయి. బరువైన ఆ పిస్టన్ ముందుకు దూకి ఆగేసరికి, గుండు ఇంకా గొట్టం దాటకముందే తుపాకీ మొత్తం కదలిపోతుంది. పిసిపిలో ఈ పిస్టన్ లేదు. గొట్టం క్రింది సిలిండరులో గాలి సిద్ధంగా ఉంటుంది. రెగ్యులేటరు దానిని ఒక స్థిర పీడనానికి తగ్గించి ఇస్తుంది, చిన్న సుత్తి ఒకటి వాల్వును లిప్తపాటు తెరుస్తుంది. కుదుపు దాదాపు ఉండదు. నడుమ కొంతకాలం కార్బన్ డయాక్సైడుతో పనిచేసే రైఫిళ్ళు వాడుకలో ఉండేవి గాని, వాతావరణం వేడెక్కితే ఆ వాయువు పీడనం మారి గుండు వేగమూ మారేది. 1990 దశకంలో సంపీడిత గాలి దానిని పక్కకు నెట్టింది.

ఈ సూక్ష్మత ఎందుకంటే, పది మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచినది ఈ అంశంలోనే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మన యువకులు ముగ్గురు కలసి 1893.7 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం సాధించారు. మొత్తం 180 గుండ్లు, గుండుకు సగటున 10.52 పాయింట్లు. గుండ్లు కేంద్రం నుంచి సగటున ఒకటింపావు మిల్లీమీటరు లోపలే పడినట్లు లెక్క. ఇటువంటి రైఫిల్ కొత్తది కొనాలంటే రెండు లక్షల రూపాయలకు పైమాటే. కనుక మధ్యతరగతి ఉద్యోగి పాతదాని వైపు చూడడం సహజం, అందులో తప్పేమీ లేదు. ఓబర్న్‌డార్ఫ్‌లోని ఫైన్‌వెర్క్‌బావ్, ఉల్మ్ నగరంలోని వాల్టర్, అన్‌షుట్జ్ వంటి సంస్థలు చేసిన గొట్టాలు సరిగా చూసుకొంటే ఒక క్రీడాకారుని జీవితకాలంలో అరగవు.

చిక్కంతా గొట్టంతో కాదు, దాని క్రింద ఉన్నదానితో.

ఒక చిన్న లెక్క చూద్దాము. పెల్లెట్టు బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకు 170 మీటర్లు. దాని శక్తి ఏడున్నర జౌళ్ళకు కాస్త పైన. కన్ను పోగొట్టడానికి అది చాలు, అందులో సందేహం లేదు. కాని లీటరులో ఐదవ వంతు పరిమాణం గల సిలిండరును 200 బార్లకు నింపితే అందులో అణచిపెట్టిన శక్తి, ఎంత తగ్గించి అంచనా వేసినా, నాలుగువేల జౌళ్ళకు తక్కువ ఉండదు. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు అనుకొంటే దాని మూతపై పడే బలం సుమారు ఒక టన్ను. ఆ టన్నును ఆపుతున్నది కొన్ని మరలూ, పలుచని గోడా. దానిని మనము చెంపకు జానెడు దూరంలో పట్టుకొంటాము.

ఈ సిలిండర్లలో అనేకం అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినవి. ఉక్కుకు ఒక ఓర్పు హద్దు ఉన్నది. ఆ హద్దు లోపల ఎన్ని లక్షలసార్లు బరువు మోపి తీసినా సాధారణంగా అది అలసిపోదు. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు. నింపిన ప్రతిసారీ, ఖాళీ అయిన ప్రతిసారీ దాని ఆయుష్షులో కొంత ఖర్చవుతుంది. ఆ ఖర్చు పైకి కనబడదు, గేజీలో చూపదు. అందుకే సిలిండరుపై తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం సిలిండరు చెల్లుబాటు గరిష్ఠంగా పది సంవత్సరాలు. గడువు దాటకుండా చూసుకోవలసిన బాధ్యత క్రీడాకారునిదే. ఇది కాగితం మీది భయం కాదు. 2023లో ఢిల్లీలో సాధన చేస్తున్న ఒక జాతీయస్థాయి క్రీడాకారుడు తన ఎయిర్ పిస్టల్ సిలిండరులో గాలి నింపుతుండగా అది పేలి ఎడమచేతి బొటనవేలు పోగొట్టుకొన్నాడు.

మన సహోద్యోగి ఆ రైఫిల్‌ను పరీక్షకు తెప్పించి మాకు చూపించారు. పెట్టె శుభ్రంగా ఉన్నది, గొట్టం లోపల అద్దంలా ఉన్నది, ట్రిగ్గరు హాయిగా పలికింది. దానితో వచ్చిన రెండు సిలిండర్లలో ఒకదానిపై 2019 అని, రెండవదానిపై 2011 అని ఉన్నది. "రెండవది కూడా రాయిలా నిలుస్తుందండీ, నెలరోజులైనా ముల్లు కదలదు" అని అమ్మేవారు హామీ ఇచ్చారట. ముల్లు కదలకపోవడం వాల్వుకు యోగ్యతాపత్రం, గోడకు కాదు. ఊటకూ పగులుకూ చుట్టరికం లేదు. "పోటీలకు కొత్తది వాడి, సాధనకు పాతది వాడుకొంటే సరిపోదా సర్?" అని సహోద్యోగి మమ్మల్ని అడిగారు. ఎక్కువసార్లు నింపేది సాధనకే గదా! పైగా రేంజిలో నింపేటప్పుడు తెలిసినవారు పక్కన ఉంటారు. ఇంట్లో నింపేటప్పుడు ఉండేది వరండాలో మనమూ, మన భుజం మీదుగా తొంగిచూసే పిల్లలూ. మా సలహా ఒక్కటే: 2011 సిలిండరు వెల సున్నా అని బేరం చేయండి, కొత్త సిలిండరు ఖరీదును రైఫిల్ ధరలో కలిపి చూడండి, అప్పటికీ గిట్టుబాటైతేనే తీసుకోండి. 2019 నాటిదానికీ 2029 వరకే ఆయుష్షు. దానినీ లెక్కలో వేసుకోవాలి.

ఇక గాలి ఎక్కడి నుంచి వస్తుందన్నది తరువాతి ప్రశ్న. మన షాపులలోని ఎయిర్ లైను ఏడు బార్లకు మించదు కనుక దానితో పని లేదు. వెల్డింగు షాపులోని ఆక్సిజన్ సిలిండరులో 150 బార్ల దరిదాపు ఉంటుంది గదా అనే ఆలోచన మన వంటి కర్మాగారాలలో ఎవరికైనా రావచ్చు. వచ్చిన క్షణమే దానిని వదలివేయాలి. అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్‌కు గ్రీజు మరక తగిలితే నిప్పు రవ్వ అక్కరలేదు. పేలుడు దానంతటదే వస్తుంది. వాడవలసినది పొడి గాలి మాత్రమే, అంటే ఈతగాళ్ళు నీటి అడుగున శ్వాసకు వాడే సిలిండరులోని గాలి. పది లీటర్ల తల్లి సిలిండరు నుంచి రైఫిల్ సిలిండరును 100 నుంచి 200 బార్లకు నింపితే తల్లిలో తగ్గేది రెండు బార్లే. కనుక ఒకసారి నింపించుకొంటే చాలాకాలం వస్తుంది. అయితే తల్లి సిలిండరు 300 బార్లది అయితే కునుకు పనికిరాదు. రైఫిల్ సిలిండరుపై ఎంత అని చెక్కి ఉన్నదో అక్కడ ఆపవలసినది మన చేయే. వాల్వు మెల్లగా తెరవాలి. వేగంగా నింపితే గాలి వేడెక్కి గేజీ 200 చూపుతుంది, చల్లారాక 185కు దిగుతుంది. అప్పుడు "కారుతున్నది" అని కంగారు పడనక్కరలేదు.

మూడంచెల చేతిపంపుతోనూ నింపవచ్చు. వ్యాయామం ఉచితం. మన సముద్రతీరంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ముప్పై డిగ్రీల వేడిలో, ఎనభై శాతం తేమలో నలభై లీటర్ల గాలిని ఈ చిన్న సిలిండరులోకి కుక్కితే దానితో పాటు ఇంచుమించు ఒక గ్రాము నీరు కూడా వస్తుంది. పంపులోని తేమ వడపోత దానిని పట్టకపోతే అది సిలిండరు లోపల చేరి గోడను తినడం మొదలుపెడుతుంది. విశాఖలో పంపుతో నింపిన పదేళ్ళ సిలిండరూ, బెంగుళూరులో పొడి గాలితో నింపిన పదేళ్ళ సిలిండరూ మా దృష్టిలో సమవయస్కులు కావు. పాతది కొనేటప్పుడు దేనితో నింపేవారో అడిగి తెలుసుకోవడం మంచిది.

తక్కిన పరీక్షలు చిన్నవి. సాయంత్రం గేజీ చూసి వ్రాసుకొని మరునాడు ఉదయం మళ్ళీ చూడాలి. రేంజిలో ఒకే రకం పెల్లెట్లతో, రైఫిల్‌ను బల్లపై ఆనించి పది గుండ్లు కాల్పించాలి. అవి ఒకే రంధ్రంలో పడకుండా క్రమంగా దిగజారుతూ పోతే రెగ్యులేటరుకు సర్వీసు కావాలి. ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకొని దానిని విప్పవద్దు. ఈ మాట ఇంజనీర్లకు మరీ ముఖ్యంగా చెబుతున్నాము.

అంతకంటె ముఖ్యమైనది అమ్మాయి భుజం. పోటీ రైఫిల్ గరిష్ఠ బరువు ఐదున్నర కిలోలు. ఎదిగిన పురుషునికి సరిపోయే కట్టెను పద్నాలుగేళ్ళ పిల్ల గంటసేపు మోస్తే వెన్ను వంకరగా నిలవడం అలవాటవుతుంది. భుజానికి ఆనే పలకనూ, చెంప కట్టెనూ ఆమె కొలతకు దించగలమా, అదనపు బరువులు తీసివేయగలమా అని ఆమె శిక్షకుడే చూసి చెప్పాలి. తొలి ఆరు నెలలు క్లబ్బు రైఫిల్‌తోనే నేర్చుకొని, ఆ తరువాత కొనడం మేలని మా అభిప్రాయం. ఇంటివద్ద సాధనకు చాలా పోటీ రైఫిళ్ళలో గాలి ఖర్చు కాకుండా ట్రిగ్గరు మాత్రం పలికే ఏర్పాటు ఉంటుంది. గోడమీద చుక్క పెట్టుకొని, పెల్లెట్టు లేకుండా, సిలిండరు కూడా విప్పి, రోజుకు అరగంట చేస్తే చాలు. పెల్లెట్లు సీసంతో చేసినవి. రేంజి నుంచి వచ్చాక చేతులు కడగనిదే ఫలహారం ముట్టనివ్వవద్దు.

కాగితాల విషయం కొద్దిగా చెబుతాము. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల రంధ్రానికీ, 20 జౌళ్ళ శక్తికీ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. అయినా క్రమసంఖ్యతో కూడిన రసీదు, అమ్మినవారి గుర్తింపుపత్రం నకలు తీసుకోవాలి. క్రీడాకారుల పేర విదేశం నుంచి వచ్చిన రైఫిల్ అయితే దానిని అమ్మడానికి షరతులేమైనా ఉన్నాయేమో రాష్ట్ర రైఫిల్ సంఘంలో విచారించాకే డబ్బు చెల్లించాలి. టౌన్‌షిప్ గేటు వద్ద పొడవాటి పెట్టెను చూసిన సి.ఐ.ఎస్.ఎఫ్. జవాను ప్రశ్నించడం ఆయన విధి. ముందుగానే భద్రతా విభాగానికి ఒక లేఖ ఇచ్చి నకలు పెట్టెలో ఉంచుకొంటే అమ్మాయి రేంజికి ఆలస్యం కాదు. ఇంట్లో పెట్టెకు తాళం ఉండాలి, తాళంచెవి పెద్దల వద్ద ఉండాలి. ఆ తుపాకీతో మామిడిచెట్టు మీది చిలుకలను బెదిరిస్తామనే తమ్ముళ్ళు ఉంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గురించి వారికి ముందే చెప్పి ఉంచండి.

బేరం కుదిరి, పాత సిలిండరు కూడా మీ ఇంటికే చేరితే దానిని అటక మీద దాచవద్దు, మరొకరికి ఇవ్వవద్దు. తయారీదారు చెప్పిన పద్ధతిలో గాలి పూర్తిగా వదలి, వాల్వు విప్పించి, లోపల ఏమీ లేదని రెండుసార్లు రూఢి చేసుకొన్నాక, తెలిసిన ఫిట్టరు చేత నడుముకు రెండుగా కోయించి పాత సామానులో వేయండి. అలా చేస్తే దానికి ఇంకెవరూ మెరుగుపెట్టి అమ్మలేరు.