ఆయిలు తాగేది ఇంజను, కోత డ్రైవరు జీతంలోనా?



మన సభ్యుల్లో మగ్గం వదిలి స్టీరింగు పట్టినవాళ్ళు ఈ రోజున తక్కువేమీ లేరు. సోలాపూరు పూర్వభాగంలో ఏ సందులోకి వెళ్ళినా నూలు బస్తాలు, టవళ్ళ మూటలు మోసే పికప్ బండ్లే. వాటిని నడిపేది ఎక్కువగా మన పిల్లలే. అందుకే ఈసారి మగ్గం సంగతి పక్కనపెట్టి బండి సంగతి రాస్తున్నాము.

ఆ మధ్య ఒక డ్రైవరు తమ్ముడు మా ఆఫీసుకు వచ్చాడు. టవళ్ళ కారఖానా బండి నడుపుతాడు. వారానికి లీటరు ఇంజనాయిలు పోయవలసి వస్తున్నది. వెనక నీలం పొగ. యజమాని "నువ్వు ఆయిలు అమ్ముకుంటున్నావు" అని రెండు నెలలు జీతంలో కోత పెట్టాడు. మెకానిక్కు బానెట్ కూడా ఎత్తకుండా "ఇంజను అయిపోయింది, మొత్తం విప్పాలి" అన్నాడు. ఒకరు మనిషి మీద, ఒకరు ఇంజను మీద తీర్పు చెప్పారు. పరీక్ష మాత్రం ఎవరూ చేయలేదు.

ఇది మనకు కొత్త కాదు. గుడ్డలో లోపం వస్తే బీము చూడరు, నూలు చూడరు, నేతగాడికి జరిమానా వేస్తారు. ఆ జరిమానాలు మేమూ కట్టినవాళ్ళమే.

ఆయిలు తగ్గడానికి మూడు దారులు ఉన్నాయి. బయటికి కారాలి, లోపల కాలాలి, లేదా ఎవరైనా తీయాలి. మొదటి రెండూ చూడకుండా మూడోది అనడం అన్యాయం.

కారడం చూడటానికి డబ్బు ఖర్చు లేదు. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే పొద్దున మరకే చెబుతుంది. రోజూ ఒకే వేళ, సమతలంలో, ఇంజను ఆపి పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిలు ఒక పుస్తకంలో రాయాలి.

కాలడం పొగ చెబుతుంది. నీలం పొగ అంటే ఆయిలు కాలుతున్నది. నల్లపొగ అంటే గాలి తక్కువో డీజిలు ఎక్కువో. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటరులో నీళ్ళు తగ్గుతుంటే నీళ్ళు లోపలికి పోతున్నాయని అనుమానించాలి.

నీలం పొగ ఎప్పుడు వస్తున్నదో కూడా గమనించాలి. పొద్దున స్టార్టు చేయగానే గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళను అనుమానించాలి. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే విడవకుండా వస్తే రింగులు, సిలిండరు అరుగుదల కావచ్చు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే పొగ బలంగా తన్నినా అదే అనుమానం. ముందు బ్రీదరు పైపు మూసుకుపోయిందేమో చూడాలి. టర్బో ఉన్న బండిలో గాలి పైపు విప్పి లోపల ఆయిలు మడుగు ఉందేమో చూడాలి. ఆయిలు హద్దుకు మించి పోసినా పొగ వస్తుంది.

ఇంజను విప్పే ముందు కంప్రెషను చూపించి, ప్రతి సిలిండరు లెక్కా కాగితం మీద రాయించుకోండి. లెక్క బాగుంటే "మరి ఎందుకు విప్పాలి?" అని అడగండి. ఆయిలు రింగు మసిపట్టి ఇరుక్కుంటే కంప్రెషను బాగున్నా పొగ రావచ్చు. అలాంటప్పుడు ఆ మాట, దాని కారణం మెకానిక్కే విప్పి చెప్పాలి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో పొగ వెళ్ళే దారిలోనే మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. వాటిలో పొగ కంటికి అంతగా కనబడకపోవచ్చు. పొగ లేదు కనుక ఆయిలు దొంగతనమే అనడానికి వీల్లేదు. ఆయిలు తగ్గక పెరిగినా ప్రమాదమే, డీజిలు కలుస్తున్నదన్న అనుమానం.

ఇక ఆ తమ్ముడి బండి సంగతి. ఎయిర్ ఫిల్టరు విప్పితే దూది పింజతో దిండులా ఉంది. మన ఊపిరితిత్తుల్లోకి పోయే పింజే ఇంజను గొంతులోనూ చేరింది. టర్బో పైపులో ఆయిలు మడుగు కట్టింది. గాలి అందక, ఆ గుంజుడుకు ఆయిలు లోపలికి పోయి కాలుతున్నది. కంప్రెషను మాత్రం బాగుంది. టర్బో బాగుచేసి, ఫిల్టరు మార్చాక పొగ ఆగింది. ఫిల్టరు మార్చమని ఆ తమ్ముడు మూడుసార్లు అడిగాడు. యజమాని వినలేదు.

చట్టం ఏమంటుంది? 1936 వేతన చెల్లింపు చట్టంలో ఉండేది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉన్నది: నష్టం పేరుతో కోయాలంటే ఆ నష్టం కార్మికుడి నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, అతని సంజాయిషీకి అవకాశం ఇవ్వాలి, కోత నష్టం విలువను మించరాదు. అనుమానం మీద జీతం కోసే హక్కు ఏ యజమానికీ లేదు.

మనవాళ్ళ తప్పు కూడా చెప్పుకోవాలి. ఎర్రదీపం వెలిగేదాకా డిప్‌స్టిక్ ముట్టనివాళ్ళు మనలో ఉన్నారు. ఆ దీపం ఆయిలు మట్టం చెప్పేది కాదు, ఆయిలు ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. వెలిగిన వెంటనే ఇంజను ఆపాలి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అంటే ఇంజను పట్టేస్తుంది. అప్పుడు మన నోట మాట ఉండదు.

మేము కోరేది ఇది. ప్రతి బండికీ ఆయిలు పుస్తకం ఉండాలి, వారానికోసారి డ్రైవరు, యజమాని ఇద్దరూ సంతకం పెట్టాలి. పింజ ఎగిరే చోట ఫిల్టరు మామూలు గడువుకంటే ముందే మార్చాలి, ఆ ఖర్చు యజమానిది. పరీక్ష కాగితం లేకుండా పైసా కోయరాదు.

ఆ తమ్ముడికి ఒక నెల కోత తిరిగి వచ్చింది. రెండో నెలది ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నాము, వచ్చేదాకా అడుగుతాము. మీ బండి సంగతి కూడా ఇలాగే ఉంటే జీతంలో కోత పడేదాకా ఆగకండి. రేపే పుస్తకం మొదలుపెట్టి, దానితో ఆఫీసుకు రండి.